పాట మనది, ప్రతిఫలం ఎవరిది?

(అనంతగిరిలో మహిళా కార్యకర్తలు, యువ గాయనుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సొంతంగా పాడే స్త్రీలు ఎలా మొదలుపెట్టారు, ఎవరి ప్రభావంతో ఎదిగారు, కొత్తగా వచ్చేవాళ్ళకు ఏం చెబుతారు - ఈ మూడు ప్రశ్నల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఇలాంటి ప్రశ్నలు మామూలుగా పట్నంలో గిటారు పట్టుకుని పాడే యువకుల్ని అడుగుతుంటారు. ఏ సినిమా కంపెనీకీ, ఏ క్యాసెట్ కంపెనీకీ కట్టుబడకుండా తన పాట తను పాడుకునేవాళ్ళని స్వతంత్ర కళాకారులంటున్నారు. ఆ లెక్కన మన పల్లెల్లో, కొండల్లో స్త్రీలు తరతరాలుగా స్వతంత్ర కళాకారులే. కాకపోతే వాళ్ళని కళాకారులని ఎవరూ పిలవలేదు. పాటకు కూలి కట్టి ఎవరూ ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదన్నదే ఇవాళ నేను మీ ముందు పెట్టదలచిన విషయం.

మొదలు ఎక్కడ?

సంగీత విద్వాంసుల జీవిత చరిత్రల్లో మొదటి పేజీలో గురువు ఉంటాడు. నేను మాట్లాడిన శ్రామిక స్త్రీలలో చాలామందికి గురువు లేడు. నాట్లేసే వరసలో పక్కనున్నామె పాట ఎత్తుకుంటే వీళ్ళు అందుకున్నారు. తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర, పెళ్ళి పందిట్లో నేర్చుకున్నారు. ఎత్తుకోవడం, అందుకోవడం - ఇదే వాళ్ళ పాఠశాల. పని నుంచి పాట విడిగా లేదు కాబట్టి పాటకు విడిగా విలువ కట్టలేదు. ఇంటి చాకిరీని పనిగా లెక్కించని సమాజమే ఆడవాళ్ళ పాటను కళగా లెక్కించలేదు. ఈ రెండూ వేరు వేరు విషయాలు కావు.

మీ ప్రాంతంలోనే ఉన్న ధింసాను చూడండి. బోడ ధింసా, బాగ్ ధింసా, ఆకు ఏరడాన్ని అభినయించే పొతర్ తోల ధింసా - ఇలా ఎన్నో రకాలున్నాయి. నడుముల చుట్టూ చేతులు వేసుకుని వరసగా అడుగులు వేసేది ప్రధానంగా స్త్రీలు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మాత్రం మగవాళ్ళ చేతుల్లో ఉంటాయి. అడుగు ఆడదానిది, వాయిద్యం మగవాడిది. ఈ శ్రమవిభజన ఎవరో రాసిపెట్టిన శాస్త్రం కాదు గాని, శాస్త్రమంత గట్టిగా నడుస్తోంది. బేరం ఎవరు చేస్తారు, డబ్బు ఎవరి చేతికి వస్తుంది అన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది.

పాట ఊరికే ఇవ్వవలసింది కాదని మీ ఆచారమే చెబుతోంది. చైత్రమాసంలో ఇటుకల పండుగప్పుడు మగవాళ్ళు వేటకు వెళతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయేవాళ్ళని ఆపి, పాడి, ఆడి పజోరు వసూలు చేస్తారు. కారులో వచ్చే పట్నంవాళ్ళు దీన్ని వినోదంగానో, ఇబ్బందిగానో చూస్తారు. నేను దీన్ని స్త్రీలు బహిరంగంగా తమ పాటకు ధర అడిగే సందర్భంగా చూస్తాను. ఆ కొద్ది రోజులు దారి వాళ్ళది, బేరం వాళ్ళది. మిగతా సంవత్సరమంతా ఎందుకు కాదు?

మనకంటే ముందు నడిచినవాళ్ళు

ప్రభావాల గురించి అడిగినప్పుడు నాకు గుర్తొచ్చే మొదటి పేరు బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). దేవదాసి కుటుంబంలో పుట్టిన ఆమె ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది. అశ్లీలమని మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరాన్ని 1920లలో ఆమె తన సంపాదనతో కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వలేదు. ఆమె ఊరుకోలేదు, 1927లో స్త్రీలను కూడగట్టి సమాధి వెనక వైపున వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. వేదిక ఇవ్వనప్పుడు వేదిక కట్టుకోవడం మనకు ఆమె నుంచి వచ్చిన వారసత్వం.

రెండో పేరు వింజమూరి సోదరీమణులది. అనసూయాదేవి (1920-2019), సీతాదేవి జానపద గేయాలను సేకరించి రేడియోకీ, సభావేదికలకీ తెచ్చారు. మర్యాదస్తుల ఇళ్ళలో పల్లెపాటకు చోటు లేని రోజుల్లో అది చిన్న పని కాదు. వాళ్ళ కృషిని గౌరవిస్తూనే పరిశోధకులుగా మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. సేకరించిన వారి పేర్లు మనకు తెలుసు. పాట చెప్పిన కూలి స్త్రీల పేర్లు ఏవి? ఇది ఆ ఇద్దరి మీద ఫిర్యాదు కాదు. జానపద పాటను 'అజ్ఞాత కర్తృకం' అని రాసే మన విద్యారంగపు అలవాటు మీద ప్రశ్న. అజ్ఞాతంగా ఉన్నది చాలాసార్లు ఒక స్త్రీయే.

మూడో పేరు బెల్లి లలిత. భువనగిరిలో నూలుమిల్లు కార్మికురాలు. కార్మికుల మధ్య పాడటం మొదలుపెట్టి తెలంగాణ గొంతుగా ఎదిగింది. 1999 మే నెలలో ఆమెను దారుణంగా చంపేశారు. అప్పటికి ఆమెకు 25 ఏళ్ళు. స్త్రీ పాడటమంటే కేవలం సరదా అయితే ఆ గొంతుకు అంత భయపడేవాళ్ళు కారు.

గుర్తింపు విషయంలో ఇంకో మాట. 2021లో గుస్సాడీ కనకరాజుకి, 2022లో కిన్నెర మొగిలయ్యకీ కోయ డోలు సకిని రామచంద్రయ్యకీ పద్మశ్రీ వచ్చింది. ఆదివాసీ, దళిత కళలకు దక్కిన ఆ గౌరవం మనందరికీ సంతోషమే. అయితే ఈ ముగ్గురూ మగవాళ్ళు. వాయిద్యం కంటికి కనిపిస్తుంది, గురుపరంపరగా చెప్పుకోవచ్చు. నాట్ల దగ్గర పాడే గొంతు ఏ పురస్కారపు దరఖాస్తులో ఇముడుతుంది?

పాట ఊరు దాటాక

ఇప్పుడు ఫోను వచ్చింది. 2018లో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన పసల బేబి పాడుతుంటే ఎవరో ఫోనులో తీశారు. అది లక్షలమందికి చేరింది. తర్వాత రఘు కుంచె సంగీతంలో ఆమె సొంత పాట రికార్డయింది. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మంగ్లీ టీవీ పాటల నుంచి సినిమా గాయనిగా ఎదిగింది. ఒకప్పుడు సినిమా, రేడియో వాకిళ్ళలో నిలబడితే తప్ప వినిపించని గొంతులు నేరుగా జనానికి చేరుతున్నాయి. ఇది నిజమైన మార్పు.

కాని చేరడం వేరు, దక్కడం వేరు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' పాట వచ్చినప్పటి వివాదం మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు టీవీలో 'రేలారె రేలా' కార్యక్రమంలో ఆ జానపదాన్ని పాడిన కోమల, అది తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదని, తనకు గుర్తింపు దక్కలేదని బహిరంగంగా అడిగింది. ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించాడు. కోమల అడిగింది కాబట్టి ఆ మాత్రం జరిగింది. అయినా అమ్మమ్మ వాటా ఎంత, ఆ ఊరి వాటా ఎంత అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

భూమికి ఉన్నది పాటకు లేదు

ఈ ప్రశ్న అడగడానికి అనంతగిరి కంటే తగిన చోటు లేదు. ఈ మండలంలోని నిమ్మలపాడు, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం తన భూమినైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. భూమికి 1/70 చట్టం ఉంది, సమతా తీర్పు ఉంది. అదే నేల మీద పుట్టిన పాటను మాత్రం ఎవరైనా వచ్చి రికార్డు చేసుకుని పోవచ్చు. ఒక సమూహానికి చెందిన సాంప్రదాయ పాటను కాపాడే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కాపీరైటు చట్టం కర్త ఎవరని అడుగుతుంది. ఊరంతా కర్త అయినప్పుడు ఎవరూ కర్త కానట్టే లెక్క.

అయితే చేతిలో ఏమీ లేదనుకోవద్దు. పాట సాంప్రదాయమైనదైనా, దాన్ని పాడిన మనిషికి వేరే హక్కు ఉంది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో, 2012లో చేసిన సవరణలతో ప్రదర్శకుల హక్కు స్పష్టమైంది. మీ పాటను రికార్డు చెయ్యాలంటే మీ అనుమతి కావాలి. ఈ హక్కు 50 ఏళ్ళుంటుంది. పాడింది ఫలానా మనిషని పేరు చెప్పించుకునే హక్కు కూడా ఉంది. వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీ అడగవచ్చు. హక్కును రాసిస్తే కాగితం మీదే రాసివ్వాలి. అందులో కాలం పేర్కొనకపోతే 5 ఏళ్ళకే అని, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే అని అర్థం. చదువురాని మనిషికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. వర్తిస్తుందని ఆమెకు చెప్పవలసిన బాధ్యత మనది.

కొత్తగా వచ్చే చెల్లెళ్ళకు

నేను గాయనిని కాను కాబట్టి గొంతు గురించి సలహా ఇవ్వను. చాలామంది గాయనుల అనుభవాలు విన్నాక నాకు అర్థమైన నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసిపెట్టుకోండి. అమ్మ పేరు, అత్త పేరు, ఊరి పేరు, ఏ పని చేసేటప్పుడు పాడతారో అన్నీ రాయండి. మీరు పాడే ముందు ఆ పేరు చెప్పండి. మనం చెప్పని పేరు సినిమావాళ్ళు చెబుతారని ఎదురుచూడటంలో అర్థం లేదు.

రెండు, మీ పాట మీ భాషలోనే ఉండనివ్వండి. ఆదివాసీ ఒరియాలోనో, కువిలోనో ఉన్న పాటను తెలుగులోకి మార్చమని, రంగురంగుల బట్టలు కట్టుకోమని అడిగేవాళ్ళు వస్తారు. మార్చడం తప్పు కాదు. కాని ఆ నిర్ణయం మీదై ఉండాలి.

మూడు, ఒంటరిగా బేరం చెయ్యకండి. రిసార్టులో ఆడినా, స్టూడియోలో పాడినా బృందంగా రేటు నిర్ణయించుకోండి. డబ్బు మగ నాయకుడి చేతికి కాక ప్రతి స్త్రీ చేతికీ, ఖాతాకీ వచ్చేలా చూడండి. రాత్రి ప్రదర్శన అయితే తిరిగి ఇంటికి చేర్చే బండి కూడా బేరంలో భాగమే.

నాలుగు, వేలిముద్ర వేసే ముందు, సంతకం పెట్టే ముందు కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని చదివించుకోండి. ఇవాళే పెట్టాలని తొందరపెట్టే కాగితంలో సాధారణంగా మన మేలు ఉండదు. ఫోనులో తీస్తామన్నా ఎందుకు, ఎక్కడ పెడతారని అడగండి.

ఇక సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. ప్రతి సభనూ పాటతో మొదలుపెడతాం. ఉపన్యాసకురాలికి దారి ఖర్చులు, గౌరవ పారితోషికం ఇస్తాం. పాడిన ఆమెకు శాలువా కప్పి చప్పట్లు కొడతాం. మన నివేదికలో ఉపన్యాసకురాలి పేరుంటుంది, పాడిన ఆమె 'స్థానిక గిరిజన మహిళ' అవుతుంది. కనీస వేతనాల గురించి పోరాడే మనమే ఈ తేడాను పాటించడం సరికాదు. గాయనులకు ఇచ్చే మొత్తాన్ని బడ్జెట్లో ఒక పద్దుగా రాయాలి. తెలుగులో, తేలిక మాటల్లో ఒక నమూనా ఒప్పందం తయారు చేసి ప్రతి మహిళా సంఘానికీ అందించాలి. ఊరి పాటల వివరాలు ఊరి స్త్రీల దగ్గరే ఉండేలా రిజిస్టరు పెట్టాలి. ఈ మూడూ మనం రేపటి నుంచే చెయ్యగలిగినవి. ఏ చట్ట సవరణ కోసమూ ఆగనక్కర్లేదు.

మధ్యాహ్నం బృంద చర్చలో నమూనా ఒప్పందంలో ఏమేం ఉండాలో పాడేవాళ్ళే ముందు చెప్పాలని కోరుతున్నాను. మేము రాసుకుంటాం.