ఆన్‌లైన్‌లో రాళ్ల ఉంగరం చేయించుకునే పద్ధతి

రాయి పొదిగిన ఉంగరంలో మూడు వేరువేరు సరుకులుంటాయి: రాయి, బంగారం, పనితనం. మూడింటికీ ధర కట్టే లెక్క వేరు, పరీక్షించే పద్ధతి వేరు. విజయవాడ గవర్నర్‌పేటలోనో, వన్‌టౌన్‌లోనో కొట్టులో కూర్చుని చేయించుకుంటే ఈ మూడూ కళ్లముందే తేలతాయి. ఇంటికి అలవాటైన ఆచారి గీటురాయి మీద గీసి, కాటాలో వేసి చూపిస్తాడు. ఫోన్‌లో బొమ్మలు చూసి, ఎక్కడో సొంతంగా పని చేసుకునే నగల తయారీదారుకు ఆర్డరిచ్చినప్పుడు ఆ చూపూ, ఆ తూకమూ కొనేవారికి దక్కవు. వాటి బదులు ప్రతి సరుకుకూ రాతపూర్వకమైన ఆధారం ఉండాలి.

రత్నాల వ్యాపారం కృష్ణా తీరానికి కొత్త కాదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మచిలీపట్నం రేవులో దిగినవాడు, కొల్లూరు వజ్రాల గనులను చూసి రాసినవాడు. ఆ కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీటిలో మునిగి ఉంది. ఇవాళ డెల్టాలో వేళ్లకు పెట్టుకునే రంగురాళ్లు బయటి నుంచి వచ్చేవే. కెంపులు ఎక్కువగా మొజాంబిక్, మయన్మార్ల నుంచి, నీలాలూ కనక పుష్యరాగాలూ శ్రీలంక నుంచి, పచ్చలు జాంబియా, కొలంబియాల నుంచి వస్తాయి. పచ్చల సానకు జైపూర్ పెట్టింది పేరు. అక్కడి పనివారితో నేరుగా బేరమాడితే మధ్యవర్తుల లాభం మిగలవచ్చు. కానీ బర్మా కెంపని, సిలోను నీలమని పేరు చెప్పి ధర పెంచడమూ ఫోన్‌లో అంతే తేలిక.

మొదట తేల్చుకోవలసింది రాయి. ఆర్డరులో దాని ఖనిజం పేరు స్పష్టంగా ఉండాలి. కనక పుష్యరాగం కెంపు, నీలాల జాతికి చెందిన కోరండం. అదే రంగులో ఉండే సిట్రిన్, టోపాజ్ చాలా చవక. వైడూర్యమంటే క్రిసోబెరిల్. పిల్లికన్ను గీత కనిపించే క్వార్ట్జ్ వేరు. తర్వాత రాయికి ఏ చికిత్స చేశారో రాయించుకోవాలి. కెంపునూ నీలాన్నీ వేడి చేసి రంగు తేల్చడం లోకమంతా ఉన్న పద్ధతే, చెప్పి అమ్మితే తప్పు లేదు. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపు సంగతి వేరు. నిమ్మరసం తగిలినా, మరమ్మతులో మంట తగిలినా అది పాడవుతుంది. పచ్చల పగుళ్లలో నూనె పట్టించడం మామూలే, ఎంత మేరకు పట్టించారన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఇక కృత్రిమంగా తయారుచేసిన కెంపులు ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ బజారులో ఉన్నాయి. వాటి రసాయన నిర్మాణమూ, గట్టిదనమూ గని రాయివే. వీడియో చూసి తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు.

అందుకే ప్రయోగశాల నివేదిక అవసరం. జీఐఏ, ఐజీఐ, జైపూర్‌లోని ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ (పాత పేరు జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ) వంటి సంస్థలు ఇచ్చే నివేదికలో రాయి జాతి, బరువు, మిల్లీమీటర్లలో కొలతలు, చికిత్స వివరాలు ఉంటాయి. నివేదిక నంబరును అమ్మకందారు పంపిన లింకులో కాకుండా ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. జాతకం ప్రకారం పెట్టుకునేవారు రతుల్లో అడుగుతారు. రతి బరువు కొట్టుకొక తీరుగా ఉంటుంది. ఒక క్యారెట్ మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే, కాబట్టి బరువు క్యారెట్లలోనే రాయించాలి. ఈ పరీక్షంతా పొదగకముందే పూర్తి కావాలి. గూటిలో కూర్చున్న రాయిని విడిగా తూచడం కుదరదు.

రెండోది బంగారం. 22 క్యారెట్ల బంగారానికి 916, 18 క్యారెట్లకు 750 అన్న ముద్ర ఉంటుంది. దాని పక్కన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగను కొట్టువారు అమ్మకూడదు. ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం కనిపిస్తాయి. చేతిలో ఉంగరం ఉండి, యాప్‌లో గాజు అని వస్తే ఆ ముద్ర దొంగది. రెండు గ్రాముల లోపు నగలకూ, ఏటా 40 లక్షల లోపు టర్నోవరున్న వ్యాపారులకూ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. సొంతంగా పని చేసుకునే చిన్న తయారీదారులు చాలామంది ఈ మినహాయింపు కిందికి రావచ్చు. అయినా ముద్ర వేయించి ఇవ్వాలన్న షరతు ముందే పెట్టుకోవాలి. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డ్ నగల మెరుపు చూసినవారికి, బొమ్మలోని మెరుపు బంగారానికి సాక్ష్యం కాదని వేరే చెప్పనక్కర్లేదు.

బిల్లులో బంగారం నికర బరువు, రాయి బరువు విడివిడిగా ఉండాలి. 5 గ్రాముల బంగారంలో 3 క్యారెట్ల రాయి పొదిగితే మొత్తం 5.6 గ్రాములు తూగుతుంది. గ్రాము 10,000 రూపాయలనుకుంటే, మొత్తం బరువుకు బంగారం ధర కట్టినవారు 6,000 రూపాయలు రాయికి రెండోసారి చెల్లించినట్టే. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్‌టీ వేరువేరు వరుసల్లో రావాలి. బంగారం రేటు ఏ రోజుది కడతారో కూడా బయానా ఇచ్చేముందే రాసుకోవాలి.

మూడోది పనితనం. వేలి కొలతకు దారం చుట్టి పంపడం చాలదు. దగ్గరి నగల కొట్టులో రింగుల గుత్తితో కొలిపించి, లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో పంపాలి. బెజవాడ ఎండల్లో వేళ్లు కాస్త ఉబ్బుతాయి, జనవరి పొద్దుల్లో సన్నబడతాయి. మధ్యాహ్నమూ సాయంత్రమూ రెండుసార్లు కొలవడం మేలు. కెంపు, నీలం గట్టి రాళ్లు కాబట్టి ప్రాంగ్‌ల మీద ఎత్తుగా నిలిపినా తట్టుకుంటాయి. పచ్చ పెళుసు, ముత్యం, పగడం మెత్తన, వీటికి చుట్టూ అంచు కట్టిన గూడు మంచిది. ముత్యానికీ పగడానికీ చింతపండు పులుసు తగలకూడదు. రాయి చర్మానికి తగలాలనుకునేవారు గూడు అడుగు తెరిచి ఉంచమని చెప్పాలి. కంప్యూటర్ డిజైన్‌ను అన్ని వైపుల నుంచీ చూసి, అంగీకారాన్ని రాతలో తెలిపాకే పోత పోయించాలి.

డబ్బు ఒకేసారి పంపకూడదు. డిజైన్‌కు కొంత, రాయి నివేదిక సరిపోయాక కొంత, హాల్‌మార్క్ ఫొటో వచ్చాక మిగిలినది ఇవ్వడం క్షేమం. పార్సిల్‌కు బీమా ఉండాలి, విప్పేటప్పుడు వీడియో తీయాలి. అనుమానముంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో ఫీజు కట్టి స్వచ్ఛత చూపించుకోవచ్చు. హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తగ్గితే, తగ్గిన మేర విలువకు రెట్టింపు పరిహారమూ, పరీక్ష ఖర్చూ రాబట్టుకునే హక్కు కొన్నవారికి ఉంది.

వివాదం వస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. డబ్బు కాజేసి మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కు చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవారు తామున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. బిల్లు, నివేదిక, వాట్సాప్ సంభాషణలు అప్పటిదాకా చెరపకుండా దాచుకోవాలి.