ఇంటికొచ్చే వైద్యానికి లెక్క మనమే అడగాలి



మీ గూడెంలో ఎవరైనా మంచం పడితే ఏం చేస్తారు? బైర్లూటి, నాగలూటి వాళ్లు ఆత్మకూరు పోతారు. అక్కడ కాదంటే కర్నూలు పెద్దాసుపత్రి. పెచ్చెరువు లాంటి లోతట్టు గూడెమైతే ముందు అడవి దాటాలి. తోడు ఒక మనిషి పోవాలి, ఇద్దరి కూలీ పోతుంది. అందుకే మనోళ్లు చానామంది చివరిదాకా కదలరు.

అట్లాంటి మనకు వైద్యమే ఇంటికొస్తుందంటే సంతోషమే. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి మొదలుపెట్టారు. 104 బండితో డాక్టరు ఊరికి వస్తాడు, మంచంలో ఉన్నవాళ్లను ఇంటికే వచ్చి చూస్తాడు అన్నారు. మంచి మాటే. కానీ అప్పుడప్పుడు చూసిపోవడం వేరు, ఆసుపత్రిలో జరిగే వైద్యం ఇంట్లోనే జరగడం వేరు.

మా అవ్వ సంగతి చెప్తా. ఆమె మంచంలో ఉన్నప్పుడు రిజిస్టరులో మూడు సంతకాలు పడ్డాయి. మనిషి వచ్చింది ఒక్కసారే. కాగితం ప్రకారం సేవ బ్రహ్మాండం. అవ్వకు నయమైందా అనే గడి మాత్రం ఆ రిజిస్టరులో లేనే లేదు.

మరి ఇంటి వైద్యాన్ని ఎట్ల కొలవాలి? 1956లో మద్రాసులో కొలిచి చూపించారు. అప్పట్లో క్షయ వస్తే నెలల తరబడి శానిటోరియంలో ఉండాల్సిందే అనేవాళ్లు. మన సీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అట్లాంటిదే. పడకలు కొన్నే, రోగులు లెక్కలేనంత మంది. అందుకని మద్రాసులో పేద రోగులను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంలో, ఒక భాగం ఇంట్లో. అందరికీ ఏడాదిపాటు అవే మందులు. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఇంట్లో ఇరుకు గది, అరకొర బువ్వ. అయినా శానిటోరియంలో 100కు 92 మంది, ఇంట్లో 86 మంది కోలుకున్నారు. ఇంట్లో వాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకుందా అని ఐదేళ్లు చూశారు. అంటుకోలేదు.

ఊరికే కుదరలేదు అది. చెప్పకుండా ఇంటికి వచ్చి మాత్రలు లెక్కబెట్టారు. మూత్రం, కళ్లె పరీక్ష చేశారు.

గడ్చిరోలి మన లాంటి ఆదివాసీ జిల్లానే. 1990లలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల వైద్యం నేర్పించారు, సూది మందుతో సహా. 39 ఊర్లలో ఈ సేవ పెట్టి, సేవ లేని 47 ఊర్లతో పోల్చారు. మూడో ఏటికి నెలలోపు శిశువుల చావులు 62 శాతం తగ్గాయి. వాళ్లు లెక్కబెట్టింది బండి ఎన్నిసార్లు తిరిగిందని కాదు, ఎంతమంది బిడ్డలు బతికారని.

మనం అడగాల్సింది కూడా అదే.

ఒకటి, వచ్చారా అని కాదు, నయమైందా?
రెండు, సిగ్నల్ లేని గూడెంలో రాత్రిపూట ఎగపోత వస్తే పలికేదెవరు?
మూడు, జబ్బు ముదిరితే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేర్చారు?
నాలుగు, చూసుకోవడానికి ఇంటి ఆడమనిషి ఎన్ని దినాల కూలీ పోగొట్టుకుంది?
ఐదు, లెక్కలోకే రాని వాళ్లెవరు? కడప వైపు ఆధార్ లేని యానాది కుటుంబం పేరు ఏ జాబితాలో ఉంది?

చదువుకున్న మనం ప్రతి గూడెంలో ఒక నోటుబుక్కు పెడదాం. ఎవరు మంచం పట్టారు, ఎవరు ఎప్పుడొచ్చారు, ఏమిచ్చారు, చివరికి ఏమైంది, అన్నీ తేదీతో రాద్దాం. రోగిని అడిగి, ఒప్పుకుంటేనే రాద్దాం. ఆర్నెల్లకోసారి శ్రీశైలం ఐటీడీఏ ముందు, కడపలో గిరిజన సంక్షేమ ఆఫీసు ముందు ఆ లెక్క పెడదాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటికి వస్తున్నాం కదా అని ఆసుపత్రిలో పడక తగ్గిస్తే ఒప్పుకునేది లేదు. మనకు రెండూ కావాలి. నోటుబుక్కు ధర ఎంతో లేదు. ఈ వారమే కొనండి.

జోహార్.