‘టేక్’ అంటే ఒక్క ‘తీసుకో’ యేనా?



పిల్లల చేత ఇంగ్లీషు చదివించేటప్పుడు ‘టేక్ అంటే తీసుకొనుట’ అని బట్టీ పట్టిస్తాం. దాంతో ఆ మాట వచ్చేసినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ భ్రమ పెదబయలులో వదిలింది.

మా ఆడపడుచు అక్కడ టీచరు. పాడేరు దాటి వెళ్ళే ఆ కొండల్లో చాలా ఇళ్ళకి తెలుగు రెండో భాషే. ఇంట్లో ఆదివాసీ ఒడియానో, కువియో మాట్లాడుకుంటారు. ఒకసారి నేనక్కడ ఉండగా, ఆవిడ బళ్ళో చదివే పిల్లకి జ్వరం తగిలింది. తల్లి ఆసుపత్రికి వెళ్ళి బిళ్ళలు తెచ్చింది. మూడోనాడు మేం చూడబోతే పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

“బిళ్ళలు తీసుకుందా?” అని అడిగాను.

“తీసుకున్నామమ్మా” అంటూ ఆ తల్లి కొంగుముడి విప్పి చూపించింది. ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి! ‘రోజుకి రెండుసార్లు తీసుకో’ అన్నారట. అంటే మళ్ళీ వెళ్ళి ఇంకొన్ని పుచ్చుకోవాలి కాబోలు, అన్నీ చేతికొచ్చాక వాడదాం అనుకుని దాచిందట. మా ఆడపడుచు ఆమె భాషలో ‘తినిపించు’ అంది. వెంటనే బోధపడింది. పిల్ల గట్టెక్కింది గాని, ఆ కొంగుముడి నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆలోచించి చూడండి. మన పెద్దవాళ్ళు మాత్ర వేసుకునేవారు, మింగేవారు, కషాయం తాగేవారు. మందు ‘తీసుకోవడం’ మన నోళ్ళలో ఇంతగా నలగడానికి ఇంగ్లీషు ‘టేక్’ కారణమని నాకు తోస్తుంది. ఒడియావాళ్ళు, తమిళులు మందు ‘తింటారు’. జపానువాళ్ళు బిళ్ళనైనా ‘తాగుతారు’. ఎక్కడో ఐరోపాలోని లిథువేనియా భాషలోనూ తాగడమే! పని ఒకటే, మాటలు వేరు.

ఇక ఆ ‘టేక్’ సంగతి చూద్దాం. టేక్ ఎ ఫొటో అంటే ఫొటో తీయడం. టేక్ ఎ బాత్ అంటే స్నానం చేయడం. టేక్ ఎ బస్ అంటే బస్సెక్కడం. టేక్ ఎ సీట్ అంటే, కుర్చీ పట్టుకుపొమ్మని కాదు సుమండీ, కూర్చోమని! టేక్ కేర్ అంటే జాగ్రత్త. ఇట్ టేక్స్ టైమ్ అంటే టైము పడుతుంది. ఒక్క మాటకి మనకి ఇన్ని మాటలు కావాలి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? నిద్ర పట్టింది, జలుబు పట్టింది, ఆవకాయకి బూజు పట్టింది, అబ్బాయి ఇంటిదారి పట్టాడు. ఈ ‘పట్టు’ని ఇంగ్లీషువాడికి ఒక్క మాటలో చెప్పమనండి చూద్దాం! 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ‘సెట్’ అనే చిన్న క్రియకే 400కి పైగా అర్థాలున్నాయి. అవన్నీ వల్లెవేసి ఎవరు నేర్చుకుంటారు? వాడుకలో వినే నేర్చుకోవాలి. గిడుగు రామమూర్తిగారు చేసిందీ అదే. సవరలతో మాట్లాడుతూ, వాళ్ళని ఇంట్లో ఉంచుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు.

అందుకని నా మనవి ఏమిటంటే, పిల్లలకి ఒంటిమాట కాక పూర్తి వాక్యం నేర్పండి. ‘టేక్’ పక్కన ఫొటోనో, బస్సునో, స్నానాన్నో పెట్టి చెప్పండి. ఇంట్లో ముసలివారికి, పనిమనిషికి, పొరుగువారికి మందు చీటీ చదివి చెప్పేటప్పుడు ‘తీసుకోండి’ అని ఊరుకోకండి. “పొద్దున అన్నం తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి, నీళ్ళతో మింగాలి” అనండి. తరువాత, “ఏదీ, ఎలా వేసుకుంటారో చెప్పండి” అని వాళ్ళ నోట మళ్ళీ ఒకసారి వినండి. ఆనాడు ఆ తల్లిని ఈ చివరి మాట అడిగినవారు లేకపోయారు.