తరగతి లెక్క

(మన గ్రంథాలయ రజతోత్సవములలో, పదవ తరగతి ముగించుచున్న విద్యార్థుల వీడ్కోలు సభయందు చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను జంకితిని. నేను పట్టభద్రుడను గాను, పండితుడను గాను. సహకార సంఘములో లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. భారత భాగవతములు చదివితినన్న మాట నిజమే గాని, అవి గురుముఖమున చదివినవి కావు. ఈ గ్రంథాలయపు బల్లమీద, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, పదపదమునకు తడుముకొనుచు చదివినవి. కావున నా మాటలలో దోషములున్న అవి నావి. గుణములున్న అవి ఈ బీరువాలవి.

“పాఠశాల దినముల సింహావలోకనము” అని నాకు విషయము నిర్ణయించిరి. సింహము కొంతదూరము నడచి, నిలిచి, వెనుదిరిగి చూచునందురు. నడచిన మేరను జూచి గర్వించుటకే అట్లు చూచునని నేననుకొనను. వెనుక ఏమి మిగిలినదో తెలిసికొనుటకును చూచును. విద్యార్థులారా, నేడు మీరును అట్లే చూడవలెనని నా కోరిక. అందులకై ముందుగా మా తరగతి లెక్కను మీ యెదుట విప్పుచున్నాను.

మేము 1981 జూన్ మాసమున ఆరవ తరగతిలో చేరితిమి. 1986లో పదవ తరగతి పరీక్ష వ్రాసితిమి. ఆనాటి మన ఉన్నత పాఠశాలకు పెంకుటి గదులు కొన్ని, తాటాకు పాక యొకటి. ఆరవ తరగతి పాకలో జరిగెడిది. గంటకు బదులు వేపకొమ్మకు రైలుపట్టా ముక్క వ్రేలాడుచుండెడిది. వాన వచ్చినపుడు పుస్తకముల సంచులను ఒడిలో దాచుకొని, కారని చోటు వెదకుకొని, ఒకరినొకరు ఒరసికొని కూర్చుండెడివారము. ఎవరి కులమేమో, ఎవరి యింట ఏమి వండిరో, వాన కురిసినంతసేపు మాకు జ్ఞప్తికి వచ్చెడిది కాదు. వాన వెలసిన పిదప మరల జ్ఞప్తికి వచ్చెడిది. ఇదియు దాచకుండ చెప్పవలసిన మాటయే.

హాజరు పిలుచుట లెక్కల మాస్టారుగారి వంతు. ఆయన పట్టిక తెరచెడివారే గాని చూచెడివారు కారు. పద్యము చదివినట్లు 41 పేర్లను వరుసగా, ఒక్క తీరున చదివెడివారు. మేము “ప్రజెంట్ సార్” అని పలికెడివారము. ఆ నలుబది యొక్క పేరు మా ముందు నిలువ. ఇక ఆఖరు నిలువ వినుడు. పదవ తరగతి పరీక్ష వ్రాసినవారు 26 మంది. ఉత్తీర్ణులైనవారు 19 మంది. తప్పిన ఏడుగురి మాట ఊరందరకు తెలిసినది. నడుమ జారిపోయిన 15 మంది మాట ఎవ్వరును అడుగలేదు. మా తరగతిలోని మేమే అడుగలేదు.

ఆ 15 మందిలో 9 మంది ఆడుపిల్లలు. పదునెనిమిదేండ్లు నిండనిదే ఆడుపిల్లకు వివాహము చేయరాదని 1978లోనే చట్టమును సవరించియుండిరి. అయినను ఆ పిల్లల పెండ్లి పందిళ్లలో మేమును, పెద్దలును వరుసగా కూర్చుండి భుజించితిమి. మరునాడు తరగతిలో ఆ చోటు ఖాళీగా నుండెడిది. రెండు దినములు గడచిన పిదప ప్రక్కనున్న పిల్ల జరిగి కూర్చుండెడిది. అంతటితో ఖాళీ పూడెడిది.

మిగిలిన ఆరుగురిలో ఒకడు నా ప్రక్కన కూర్చుండెడివాడు. పేరు చెప్పను. ఆతడు లెక్కలలో నాకంటె మిక్కిలి చురుకు. ఎనిమిదవ తరగతిలో వర్గమూలము నాకు ఎంతకును అంతుపట్టలేదు. ఒకనాడు చెరువుగట్టున నేలమీద వెదురుపుల్లతో గీతలు గీసి, అంకెలను కుడినుండి జతలు జతలుగా విడదీయుట మొదలు, శేషము ప్రక్కన తరువాతి జతను దింపుకొనుట వరకు ఆతడే నాకు నేర్పెను. నేడు నేను లెక్కలవాడనని పిలిపించుకొనుచున్నానన్న, ఆ గట్టుమీది పాఠము అందులకొక పునాదిరాయి.

1984వ సంవత్సరము మా రెండిండ్లకును గడ్డుకాలమే. ఆ యేట ప్రభుత్వము గ్రామ కరణీకములను రద్దుచేసెను. తరతరములుగా వచ్చిన కరణీకము పోయి, మా తండ్రిగారు కొన్నాళ్లు వీధి అరుగుమీదనుండి లేవలేదు. ఆ యేటనే నా మిత్రుని తండ్రి మంచమెక్కెను. వారికున్నది అర ఎకరము చెక్క, దానిమీద అప్పు. మా యింట ఉద్యోగము పోయినను చదువు పోలేదు, చేబదులిచ్చు బంధువులుండిరి, “వీడు చదువవలెను” అని పలికెడి నోళ్లు పది యుండిరి. వారి యింట అట్లు పలుకుటకు ఒక్క నోరును లేదు. జూన్ మాసమున బడి తెరచునప్పటికి ఆతడు ఒక రైతు నొద్ద, తండ్రి అప్పు క్రింద, పాలేరుగా కుదిరియుండెను. వెట్టిని నిషేధించుచు 1976లోనే చట్టము వచ్చియుండెను. దానిని ఎరిగిన పెద్దలు తలపునకు తేలేదు. పిల్లలమగు మేము ఎరుగము. తొమ్మిదవ తరగతి మొదటి దినమున మాస్టారు హాజరు పిలుచుచు ఆ పేరుకడ ఒక క్షణమాగి, పిదప ముందునకు సాగిరి. నేను బల్లమీద కొంచెము జరిగి, విశాలముగా కూర్చుంటిని.

1996లో నేను సహకార సంఘములో గుమాస్తాను. ఒకనాటి మధ్యాహ్నము ఒకరు వచ్చి, తండ్రి పేర నున్న పాత బాకీ తీర్చి, తన పేర క్రొత్తగా పంట రుణము కావలెనని యడిగిరి. ఖాతా తీసితిని. తండ్రి పుటలో అన్నియు వేలిముద్రలే. తలయెత్తకయే అసలు, వడ్డీ కట్టి చెప్పి, సిరాపెట్టె మూత తీసి ముందునకు త్రోసితిని. ఆతడు ఒక్క నిమేషము ఊరకుండి, “ఇక్కడేనా అయ్యగారూ?” అని యడిగి, ఎడమచేతి బొటనవ్రేలు అద్ది, చూపినచోట ఒత్తి వెడలిపోయెను. ఆ గొంతు విని తలయెత్తునప్పటికి ఆతని వీపు మాత్రము కనబడెను. నాకు వర్గమూలము నేర్పిన చేతికి నేను సిరాపెట్టె చూపితిని. పిలిచి క్షమాపణ చెప్పవలసినది. చెప్పలేదు. నలుగురు వరుసలో నిలుచుండిరని నాకు నేను సాకు చెప్పుకొంటిని.

భారత ఆదిపర్వమున ద్రుపదుని కథ కలదు. ద్రోణుడును, ద్రుపదుడును సహాధ్యాయులు. ఒకడు రాజయ్యెను, ఒకడు బిడ్డకు పాలు దొరకని బీదయై, పాత చెలిమిని తలచుకొని వచ్చెను. సమానులకే గాని స్నేహము లేదని రాజు తిరస్కరించెను. ఆ యొక్క మాట ఎంత దూరము పోయెనో మీరెరుగుదురు. కురుక్షేత్రములో ఒకరి తరువాత ఒకరుగా ఇరువురును కూలువరకు పోయెను. ఈ కథను నేను పలుమారులు చదివితిని. చదివిన ప్రతిసారియు ద్రుపదుని నిందించితిని. నా బల్లమీది సిరాపెట్టె మాత్రము నాకు కనబడలేదు.

2011లో మా తరగతివారము, పరీక్ష వ్రాసి ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున, పాఠశాల ఆవరణలో సమావేశమైతిమి. ఆహ్వానముల జాబితాను వ్రాసినవాడను నేనే. పరీక్ష వ్రాసిన 26 మంది పట్టికను ముందు పెట్టుకొని వ్రాసితిని. శాలువలు కప్పితిమి, ఛాయాచిత్రము తీయించుకొంటిమి. మా లెక్కల మాస్టారుగారు అప్పటికి వృద్ధులు, చూపు మందగించినది. ఆశీర్వదింపుడని కోరగా లేచి, కఱ్ఱ ఆనుకొని, ఏమియు పలుకక, ఆరవ తరగతి హాజరు పిలువసాగిరి. మేము నవ్వుచు “ప్రజెంట్ సార్” అనుచుంటిమి. నాలుగవ పేరునకు బదులు రాలేదు. ఆయన ఆగిరి. ఏడవ పేరునకును రాలేదు. మరల ఆగిరి. పోనుపోను నవ్వులు అణగిపోయినవి. 41 పేర్లును ఆయన వదలలేదు. చివరకు, “పదిహేనుగురు రాలేదు. ఎందుకు రాలేదో రేపు కనుక్కుని చెప్పండి” అని కూర్చుండిరి. ఆశీర్వచనము అంతియే.

మరునాటి ఉదయమున నేను నా మిత్రుని యింటికి పోతిని. ఆతడు దొడ్డిలో గేదెకు కుడితి పెట్టుచుండెను. పదునైదేండ్ల నాటి సిరాపెట్టె మాటను ఎట్లు ఆరంభింపవలెనో తెలియక తడబడుచు, ఎటులో చెప్పి ముగించితిని. ఆతడు చేయి కడుగుకొని వచ్చి అరుగుమీద కూర్చుండి ఇట్లనెను: “ఒరే, ఆ రోజు నువ్వు వడ్డీ నాలుగు రూపాయలు తక్కువ వేశావు. చెబుదామనుకున్నాను. వేలిముద్ర వేసేవాడు నీ లెక్క తప్పంటే నలుగురిలో నీకు చిన్నతనం గదా అని ఊరుకున్నాను.” ఆ దినమే పాత చిట్టా తీయించి చూచితిని. నాలుగు రూపాయలు తక్కువయే. వానిని సంఘమునకు కట్టి రసీదు పుచ్చుకొంటిని. రెండవ బాకీకి రసీదు ఇచ్చువాడు ఆతడే. “అయ్యగారూ” అను మాట పోయి “ఒరే” అను మాట మరల వచ్చెను. దానినే రసీదుగా దాచుకొంటిని.

భాగవతమున కుచేలుడు వచ్చినపుడు శ్రీకృష్ణుడు తన రాచరికమును గూర్చి చెప్పుకొనలేదు. గురుపత్ని కట్టెలకు పంపగా అడవిలో వానకు చిక్కి, దారి కానక, చేతులు పట్టుకొని గడపిన రాత్రిని తలచుకొనెను. తెల్లవారినపుడు సాందీపని తమను వెదకికొనుచు వచ్చుటను తలచుకొనెను. అటుకులు పిమ్మట వచ్చినవి. ఆ వాన ముందు వచ్చినది. మా మాస్టారును ముప్పదియేండ్ల పిదప మమ్ము వెదకికొనుచు వచ్చిన సాందీపనియే యని నా యెంచిక.

ఆ మిత్రుడు ఆ యేటనే ఈ గ్రంథాలయమున చందాదారు డయ్యెను. సాయంకాలమున వార్తాపత్రికను బిగ్గరగా చదివి, చదువురానివారికి వినిపించుట ఆతడు పెట్టిన అలవాటే. నేను వ్రాయు గ్రంథాలయపు జమాఖర్చులను ఏటేట సరిచూచువాడును ఆతడే. ఒక్క పైసా తేడా వచ్చినను సంతకము పెట్టడు. ఆతడు ఈ సభలోనే యున్నాడు. వెనుకకు తిరిగి వెదకకుడు, లేచి పోవును.

విద్యార్థులారా, నా కథ ముగిసినది. ఇక మీ లెక్క. మన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినపుడు, పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలకెల్లరకు ఉచితముగా, నిర్బంధముగా విద్య నిచ్చుటకు ప్రభుత్వము పదేండ్లలోగా యత్నింపవలెనని నలుబదియైదవ అధికరణము చెప్పెను. అనగా వాయిదా 1960. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయ్యెను. లెక్కలవాని మాటలో, వాయిదా మీరిన ఏబదియేండ్లకు ఆ పత్రము చెల్లినది. మా తరగతి ఆ ఏబదియేండ్ల నడుమ జారిపోయినది. ఆ చట్టమును పదునాలుగేండ్లతో ఆగును. తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలలో పెక్కురు ఆ వయస్సు దాటినవారే. చట్టము ఆగినచోట ఊరు నిలువవలెను. బడి మానినవారు పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు సార్వత్రిక విద్యాపీఠము మన రాష్ట్రమున మార్గము చూపుచున్నది. ఆ మార్గము తెలియనివారు మన వీధులలోనే కలరు. వారి యింటికి పోయి చెప్పుటకు మీకంటె తగినవారెవరు? మీరు వారి ప్రక్కన కూర్చుండినవారు.

నేడు నేను ఒక బైండు పుస్తకమును తెచ్చితిని. ఇందు మొదటి పుటలో మా 41 పేర్లును, మాస్టారుగారు పిలిచిన వరుసలో, నేను వ్రాసితిని. రెండవ పుట మీది. మీతో ఆరవ తరగతిలో చేరినవారి పేర్లన్నియు జ్ఞప్తికి తెచ్చుకొని నేడే వ్రాయుడు. ఫలితములు వచ్చువరకు ఆగవలదు. ఫలితముల పట్టిక చాల పేర్లను మరపించును. ఈ పుస్తకము ఈ బీరువాలోనే యుండును. ఇరువదియైదేండ్లకు మీరు సమావేశమైనపుడు ఆహ్వానములు దీనిని జూచి వ్రాయుడు. మీ పుటలో బడి మానినవారెవరున్నను, వారి మొదటి యేటి గ్రంథాలయపు చందా నేను కట్టెదను. అది దానము గాదు; నా పాత బాకీలో ఒక వాయిదా.

మీరు పరీక్షలలో జయము పొందవలెనని అందరును దీవించుచున్నారు, నేనును దీవించుచున్నాను. దానితోపాటు, ఏనాడైన మీ బల్లయెదుట ఒకరు వచ్చి నిలిచినపుడు, సిరాపెట్టె తీయుటకు ముందు తలయెత్తి ముఖము చూచు అలవాటు మీకు కలుగుగాక యని కోరుచున్నాను.