నవలలలో చిక్కిన మిత్రులు



ఈ మహాసభయందు సారస్వత విషయమును గూర్చి కొంత ముచ్చటింపవలసినదిగా కార్యదర్శిగారు కబురంపినప్పుడు మేము వెంటనే యంగీకరించితిమి. ఉద్యోగము చాలించిన బడిపంతులకు వినువారు దొరకుట యరుదు గదా! ఏ విషయమని వారడుగగా, నవలలలో పాత్రలై చిక్కిన నవలాకర్తల స్నేహితులను గూర్చి యంటిమి. వారు నవ్విరి. ఇందు నవ్వదగినది కొంత కలదు, నవ్వరానిదియు గలదు.

కుమ్మరికి మన్ను వలె కథకునికి చుట్టునున్న జనులే సామగ్రి. మేనమామ కోపము, పొరుగువాని నడక, అత్తగారి మాటతీరు తెలిసియో తెలియకయో కలమున కెక్కును. అందును మిత్రులు మిక్కిలి సులభముగా చిక్కుదురు. శత్రువును గూర్చి మన కెఱుక స్వల్పము. మిత్రుడన్ననో మన యరుగుపై గూర్చుండి, మన కాఫీ త్రాగుచు, తన బలహీనతలను తానే చెప్పుకొనును. అవి యెన్నడో యొకనాడు అచ్చులో కనబడునని యతడు కలనైన దలపడు.

మన బాణభట్టు 7వ శతాబ్దమున హర్షచరిత్రమును వ్రాయుచు, మొదటి యుచ్ఛ్వాసమందు తన యౌవనకాలపు స్నేహితులను 40 మందికి పైగా పేరుపేరునను చెప్పినాడు. భాషాకవి యీశానుడు, తాంబూల మందించు చండకుడు, విషవైద్యుడు మయూరకుడు, పుస్తకము చదువు సుదృష్టి, బొమ్మలు వ్రాయు వీరవర్మ, కంసాలి చామీకరుడు, జూదరి యాఖండలుడు, ఇట్లు సాగును. విద్యార్థిదశలో ఈ జాబితాను వల్లించుటకు మేము విసుగుకొంటిమి. ఇప్పుడు చదివినచో కన్నులు చెమర్చును. జూదరిని జూదరి యనినాడే గాని దొంగ యనలేదు. ఉన్నవానిని ఉన్నట్లు, పేరుతో సహా నిలిపినాడు.

నవలయందలి పద్ధతి వేఱు. అందు పేరు మార్చి మనిషిని మాత్రము ఉంచుదురు; పిమ్మట కథ కేది కావలెనో దాని నా మనిషి మెడకు గట్టుదురు. ఇందునకు మాకు తెలిసిన యుదాహరణములలో ఆంగ్ల నవలాకారుడైన చార్లెస్ డికెన్సుది ముఖ్యమైనది. ఆయన దయగలవాడు. ఆ దయగలవాడే యిట్లు చేసెననుట మమ్ము మఱింత కలతపెట్టును.

లీ హంటు అను కవి ఆయనకు మిత్రుడు. 1784లో పుట్టినవాడు, పత్రికా సంపాదకుడు, రాజప్రతినిధిగా నున్న యువరాజును దూషించెనను నేరమునకు 1813 మొదలు 1815 వఱకు చెఱసాలలో నుండెను. కీట్సు, షెల్లీ కవుల కాప్తుడు. మాట తేనె; సంసారము పెద్దది; డబ్బు లెక్క యెన్నడును తెలియదు. 1847లో డికెన్సు మిత్రులను కూడగట్టి, తాను వేషము వేసి, నాటకములాడి, వచ్చిన ధనముతో హంటునకు సాయపడెను. ఇంతవఱకు స్నేహధర్మమునకు లోటు లేదు.

అయిదేండ్లకు బ్లీక్ హౌసు నవల వెలువడ నారంభించెను. 1852 మార్చి మొదలు 1853 సెప్టెంబరు వఱకు అది భాగములుగా వచ్చెను. అందు హరోల్డు స్కింపోలు అనువాడొకడు. తాను పసిబిడ్డ ననియు, ధనమనిన నేమో యెఱుగ ననియు తీయగా పలుకుచు, పరుల సొమ్ముతో సుఖముగా బ్రతుకును. ఆ పలుకుబడి, ఆ కులుకు, సంగీతముపై ఆ మక్కువ హంటువే యని యెఱిగినవారు గుర్తుపట్టిరి. అచ్చునకు ముందే జాను ఫార్‌స్టరు మున్నగు హితులు హెచ్చరింపగా, డికెన్సు పోలికను కొంత తగ్గించి, తొలుత పెట్టిన లియోనార్డు అను పేరును హరోల్డుగా మార్చెను. చిత్రకారుడు వానిని పొట్టిగా, బొద్దుగా గీసెను. హంటు పొడగరి, సన్ననివాడు. చాటుననే మో పోలిక యింత చక్కగా కుదిరిన చిత్రము మఱి లేదని డికెన్సు 1853లో నొక స్నేహితురాలికి లేఖ వ్రాసి మురిసెను.

ఇంతటితో నాగినను క్షమింపవచ్చును. కాని కథ నడుచుటకు జో అను దిక్కులేని జ్వరపీడితుడగు బాలుని, రక్షకభటోద్యోగికి పట్టియిచ్చువాడొకడు కావలసివచ్చెను. ఆ పని స్కింపోలు చేసెను. అయిదు పౌనుల నోటు లంచముగా పుచ్చుకొని చేసెను. హంటు తన జీవితములో నట్టి నీచకార్యము చేసినవాడు కాడు.

ఆ పోలిక సంగతి హంటునకు ఇతరులు చెప్పగా తెలిసినది. నొచ్చుకొనెను. అది నీవు కావని డికెన్సు నచ్చజెప్ప జూచెను. 1859 ఆగస్టులో హంటు మరణించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 24వ తేదీన డికెన్సు తన పత్రికలో హంటును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను: తాను మిత్రుని మాటతీరును, చమత్కారమును మాత్రమే గ్రహించితిననియు, దుర్గుణములు కల్పితములనియు దాని తాత్పర్యము. అప్పటికి మిత్రుడు పోయి నాలుగు నెలలు.

ఆ సమాధానమును మేమెన్నిమాఱులు చదివినను తృప్తి కలుగదు. ముఖము మిత్రునిది, నేరము నాది యనుట సమర్థన మెట్లగును? అదియే గదా గాయము! మన యాలంకారికులు సాధారణీకరణమని యొకటి చెప్పిరి. పాత్ర ఫలానావాడను తలపు తొలగి, అందఱకును చెందినవాడైనప్పుడే రసము పుట్టును. ఇది నాది, ఇది పరునిది యను భావమును అభినవగుప్తుడు రసవిఘ్నములలో జేర్చినాడు. వీడు మన ఫలానావాడే యని సభలో గుసగుస పుట్టినతోడనే నాటకము పోయి పొరుగువాడు మిగులును.

అదే నవలలో బాయ్‌థార్ను అను పాత్రకు లాండరు అను మఱియొక మిత్రకవి మూలము. ఉఱుము వంటి గొంతు, సింహము వంటి కోపము, లోపల వెన్న. లాండరుని పేరునే డికెన్సు తన రెండవ కుమారునికి పెట్టుకొనెను. ఆ కుమారుడు సైన్యోద్యోగియై మన దేశమునకు వచ్చి, 1863 డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో 22 ఏండ్ల వయసున మరణించెను. ఇది యప్రస్తుతమే, అయినను చెప్పక యుండలేకపోతిమి.

దిద్దుకొనుట డికెన్సునకు తెలియక కాదు. డేవిడ్ కాపర్‌ఫీల్డు నవలయందు మౌచరు అను మరుగుజ్జు స్త్రీ 1849 డిసెంబరు భాగమున అపహాస్యముగా ప్రవేశించెను. ఆయన పొరుగుననున్న యట్టి యాకారముగల స్త్రీ యొకతె, తన కది దుస్సహమని యుత్తరము వ్రాసెను. డికెన్సు పశ్చాత్తాపపడి, 1850 మార్చి భాగములో ఆ పాత్రను సద్గుణవతిగా తిప్పివేసెను. ఆమె నోరు తెఱచి యడిగినది గనుక న్యాయము జరిగినది. మిత్రుడు మొగమాటపడును.

ఇది మాకెట్లు తెలియుననిన, మేమును ఒక హంటును కలిగియుంటిమి. సుమారు 30 ఏండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన పాఠశాల వార్షికోత్సవమునకు హాస్యనాటిక యొకటి వ్రాసితిమి. అందలి యుపాధ్యాయుడు పొడుముడబ్బీని మూడుమాఱులు తట్టి, “అంతేగదా మఱి” యని మాట మొదలిడును. ఆ తట్టుట, ఆ మాట మా సహోపాధ్యాయులైన యొక మిత్రునివి. వారు ప్రతి సాయంకాలము మా యింటికి వచ్చెడివారు. నాటిక ముగియుటకు చిక్కొకటి కావలసి, ఆ పాత్రచేత పిల్లల పరీక్ష ఫీజు కొంత మ్రింగించితిమి. మా మిత్రుడు పైసాకు పైసా లెక్క చెప్పువాడు. సభ విరగబడి నవ్వినది. వారు భార్యతోను కూతురితోను రెండవ వరుసలో గూర్చుండిరి. మఱునాడొక విద్యార్థి తండ్రి వారిని నడివీథిలో, “పంతులుగారూ, మావాని ఫీజు కట్టినారా, మ్రింగినారా?” యని పరిహసించెనట. వారు మరల మా యరుగెక్కలేదు. కనబడిన నమస్కరించెడివారు. క్షమింపుడని యడుగుటకు మాకు నోరు రాలేదు. నాటకము గదా, అంత పట్టింపేల యని మాకు మేమే చెప్పుకొంటిమి.

వారు స్వర్గస్థులైనారని విని పదవనాడు వెళ్లితిమి. కూతురు మాకు మజ్జిగ తెచ్చియిచ్చి, ప్రక్కనే నిలుచుండి, “మాస్టరుగారూ! నాన్నగారు ఆనాటి ఫీజు రసీదుల నకళ్లన్నియు ఇప్పటివఱకు పెట్టెలో దాచియుంచినారండి” అన్నది. మజ్జిగ మ్రింగుడుపడలేదు.

మన సంఘ పెద్దలను గూర్చి వచ్చు సంవత్సరపు సంచికకు హాస్యముగా కొన్ని చిత్రణములు వ్రాయుమని సంపాదకులు మమ్ము కోరియున్నారు. ఇచ్చటనున్నవారిలో అట్టి చిత్రణమునకు తగినవారు పదిమందియైన నున్నారు. కొందఱిప్పుడే కుర్చీలలో సర్దుకొనుచున్నారు. వ్రాసెదము. కాని ప్రతిదానిని అచ్చునకు పంపకముందు ఆ యింటి యరుగుపై గూర్చుండి చదివి వినిపింతుము. వారు వలదన్నచో అచ్చటనే చింపివేయుదుము. ఈ నియమమునకు సంపాదకు లింకను సమ్మతింపలేదు.