కావడి మీద వచ్చిన వంటకం



వేట లేని నెలలంటే ఏమిటో సముద్రం ఒడ్డున ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. అటు గంజాం, నడుమ యానాం, ఇటు చెన్నై తీరంలో ఉన్న మన తెలుగు మత్స్యకార కుటుంబాలన్నీ ఆ నెలలను చూసినవే. అలాంటి నెలల్లోంచి పుట్టిన ఒక వంటకం గురించి ఈరోజు ముచ్చటించుకుందాం. అది మనది కాదు, తైవాన్ ద్వీపానిది.

ఆ ద్వీపపు నైరుతి తీరాన తైనాన్ అనే పాత నగరం ఉంది. 19వ శతాబ్దం చివర అక్కడ హోంగ్ యూతౌ అనే జాలరి ఉండేవాడు. ఆ ప్రాంతంలో వేసవిలోనూ, వేసవి వెళ్లిన తరువాతా తుఫానులు ఎక్కువ. పడవ దింపడానికి వీలుండదు. రాబడి తగ్గిన అటువంటి కాలాన్ని అక్కడివారు ‘చిన్న నెల’ అంటారు. ఇల్లు గడవడానికి ఆయన కావడి భుజాన వేసుకుని, పొయ్యీ గిన్నెలూ మోసుకుంటూ గుడి దగ్గర నూడుల్స్ అమ్మాడు. ‘చిన్న నెల గడుపుదాం’ అనే మాటలు రాసిన లాంతరు పక్కన పెట్టుకున్నాడు. ఆ మాటలే తరువాత అంగడి పేరయ్యాయి. ఆ అంగడి తన వయస్సును 1895 నుంచి లెక్క కట్టుకుంటుంది. వంటకానికి పేరు మాత్రం కావడి వల్ల వచ్చింది. ‘దాన్‌జాయ్’ నూడుల్స్ అంటే కావడి నూడుల్స్ అనే అర్థం.

తయారీ చూడండి. మనం తరచు పారేసే రొయ్య తలకాయలను, పొట్టును నీళ్లలో బాగా మరిగించి చారు తీస్తారు. గోధుమపిండి నూడుల్స్‌ను, మొలకెత్తిన గింజలను వేడినీళ్లలో ఒక్కసారి ముంచి తీసి చిన్న గిన్నెలో వేస్తారు. వేయించిన చిన్న ఉల్లిపాయలతో, సోయా రసంతో నిదానంగా ఉడికించిన పంది మాంసం కైమా ఒక గరిటెడు పైన పడుతుంది. ఆపైన చారు, వెల్లుల్లి ముద్ద, కొంచెం నల్ల వెనిగర్, కొత్తిమీర, చివరికి ఒకే ఒక్క రొయ్య. గిన్నె చిన్నది. అది కడుపు నిండే భోజనం కాదు, ఆకలి ఆపుకునే చిరుతిండి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట ఆపుతారు. ఆ నియమం మంచిదే. అయితే బడులు తెరిచేదీ ఇంచుమించు అప్పుడే. పిల్లలకు పుస్తకాలు, బట్టలు కొనవలసిన వేళకే ఇంట్లో డబ్బు ఉండదు. పంతులుగా ఏటా జూన్‌లో నేను చూస్తున్నది ఇదే. ప్రభుత్వం ఇచ్చే భృతి కొంత ఆదుకున్నా, మిగిలినది అప్పే.

అందరూ నూడుల్స్ అమ్మాలని నేను అనడం లేదు. భుజాన మోయగలిగినంత సరుకుతో, నలుగురు చేరే చోట, తెలిసిన రుచితో మొదలుపెట్టవచ్చునని మాత్రం అంటున్నాను. ఎండుచేపలు, రొయ్యల పచ్చడి చేయడం మన ఇళ్లలో ఆడవారికి కొత్త విద్య కాదు. నిషేధం రాకముందే, మార్చిలోనే సిద్ధం చేసుకుంటే ఆ రెండు నెలలూ అమ్ముకోవచ్చు.

ఇక కొనేవారికి ఒక మాట. ఆ రోజుల్లో మీ వీధిలో ఎవరైనా కొత్తగా బండి పెట్టుకుంటే ఒక పూట అక్కడ తినండి. దయచేసి బేరమాడకండి.