మొదటి మీటరు దగ్గర నిలబడండి

పట్టాలు అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు.

రాజాం, చీపురుపల్లి, టెక్కలి, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన మీలో చాలామంది రేపోమాపో అచ్యుతాపురమో, తిరుప్పూరో, సూరతో మిల్లు పనికి వెళ్తారు. నా ఉద్యోగమంతా బట్టల మిల్లులో అద్దకం యంత్రం పక్కన గడిచింది. నాకు బాగా తెలిసింది అదే కాబట్టి దాని గురించే చెబుతాను.

పూర్వం చట్రానికి బిగించిన స్క్రీన్‌ను గుడ్డ మీద దించి, స్క్వీజీ అనే పట్టీతో రంగు లాగి, పైకెత్తి, గుడ్డను ముందుకు జరిపి మళ్లీ దించేవారు. ప్రతి అద్దకానికీ గుడ్డ ఆగాల్సిందే. 1963లో నెదర్లాండ్స్‌కు చెందిన స్టోర్క్ కంపెనీ రోటరీ స్క్రీన్ యంత్రాన్ని తెచ్చింది. స్క్రీన్ గొట్టమైంది. పల్చటి నికెల్ గొట్టం, ఒళ్లంతా కంటికానని రంధ్రాలు. రంగు పడాల్సిన చోట రంధ్రాలు తెరిచి ఉంటాయి, తక్కినవి పూతతో మూసి ఉంటాయి. పంపు రంగు పేస్ట్‌ను గొట్టంలోకి తోస్తే, లోపలున్న స్క్వీజీ దాన్ని గుడ్డ మీదికి నొక్కుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో గొట్టం. గుడ్డ ఎక్కడా ఆగదు.

మామూలు గొట్టం చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. పూత ఒక్కచోట గుండుసూది మొనంత లేచిపోయిందనుకోండి. ప్రతి 64 సెంటీమీటర్లకూ ఒక చుక్క పడుతుంది. ఒక్క చీరలో ఎనిమిది తొమ్మిది చుక్కలు. నిమిషానికి 60 మీటర్ల వేగంతో పది నిమిషాలు ఎవరూ చూడకపోతే వంద చీరలకు పైగా సెకండ్స్‌లోకి, అంటే నాసిరకంలోకి పోతాయి.

నేను చేరిన కొత్తలో మా మిల్లులో ఒక ప్రింటింగ్ మేస్త్రి ఉండేవారు, పాలకొండ వైపు మనిషి. కొత్త డిజైన్ ఎక్కిస్తే ఆయన గుడ్డ బయటికొచ్చే చోటే నిలబడేవారు. చుక్క కనిపించిందా, చెయ్యి పైకి లేచేది: ‘ఆపీ బాబూ, ముందు ఆపీ!’ టేపు తీసి కొలిచేవారు. సరిగ్గా 64కు మళ్లీ కనిపిస్తే తప్పు స్క్రీన్‌ది. కనిపించకపోతే గుడ్డకంటిన దూదిపోగుదో, గుడ్డను మోసే బ్లాంకెట్ మీది జిగురుదో. చుక్క రంగును బట్టి ఏ గొట్టమో పట్టేసేవారు. ఆయనకు పెద్ద చదువు లేదు. నాకు మాత్రం ఆయనే గురువు.

ఆపడం తేలిక కాదు సుమా. యంత్రం నిలిస్తే రంధ్రాల్లో పేస్ట్ ఆరిపోతుంది, నిలిచిన చోట గుడ్డ మీద మరక పడుతుంది, ఆర్డరు ఆలస్యమవుతోందని పైనుంచి ఫోన్లు మోగుతాయి. అందుకే చాలామంది చూసీ చూడనట్టు పోనిస్తారు. మన పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసే ఖాదీలో పోగు తెగితే తప్పు ఆ ఒక్కచోటే ఉంటుంది, ఆ చేతులే అక్కడికక్కడ అతుకుతాయి. మీరు వెళ్లే చోట చిన్న తప్పు కూడా వేల మీటర్లు పాకుతుంది. ఆపమని చెప్పే ధైర్యం మీకు ఉండాలి. మీ కింద పనిచేసే కుర్రాడు ఆపితే అతని మీద అరవకుండా ఉండటం ఇంకా ముఖ్యం.

తప్పునే కాదు, అబద్ధాన్నీ ఆపాలి. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీని స్క్రీన్ మీద అచ్చుగుద్ది, చేతి అద్దకమని అమ్మేవాళ్లున్నారు. స్క్రీన్ ప్రింటింగ్ తక్కువ పనని నేననను, నా అన్నం అదే. కానీ బట్టకు తగిలించే చీటీ మీద అబద్ధం రాయమంటే మీరు రాయకండి.

ఇక నీళ్ల సంగతి. అద్దిన నూలు గుడ్డను సుమారు 102 డిగ్రీల ఆవిరిలో పది నిమిషాలుంచితే రియాక్టివ్ రంగు నూలును పట్టుకుంటుంది. అంతా పట్టదు. నూటికి ఇరవై ముప్పై పాళ్లు కడుగుళ్లలో పోతుంది. దానితోపాటు పేస్ట్‌లో కలిపిన యూరియా, చిక్కదనానికి వేసిన సముద్రపు నాచు జిగురు కూడా పోతాయి. ఈ నీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే ఏమవుతుందో తిరుప్పూరులో నొయ్యల్ నది చూపించింది. రైతుల పొలాలకోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయంలో రంగునీళ్లు నిండాయి. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి వందలాది అద్దకం యూనిట్లను మూయించింది. వాటితోపాటు ఎందరో కూలీల పనీ పోయింది. నది పాడైనప్పుడు మిల్లు బతుకుతుందనుకోవడం వట్టి భ్రమ.

కాబట్టి మొదటి రోజు మిమ్మల్ని ప్రింటింగ్ హాల్లో తిప్పి చూపిస్తారు కదా, అక్కడితో ఆగకండి. కడుగుడు యంత్రం చివరికి, అక్కడినుంచి శుద్ధి ప్లాంటుకు తీసుకెళ్లమని అడగండి. లోపలికొచ్చే నీళ్ల రిజిస్టరు, బయటికిపోయే నీళ్ల రిజిస్టరు రెండూ చూడండి. నాగావళి, వంశధార, చంపావతి నీళ్లు తాగి పెరిగిన మీరు ఆ లెక్క అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

రేపు బొబ్బిలిలోనో రాజాంలోనో ఇలాంటి మిల్లు పెడితే, దాన్ని నడిపేది మీలో ఒకరు కావాలని నా కోరిక. ట్రయల్ రన్ రోజు కబురు చేయండి, తప్పకుండా వస్తాను.